మైసమ్మ ముక్కు

ఆ ఏడు బోనాలకు వచ్చిన వాళ్లంతా ముందు మెచ్చుకున్నది గుండు మైసమ్మ ముక్కును.

"కండ్లదేముంది, ఎవరైనా దిద్దుతరు. ముక్కు సూడు వదినా, ఎంత కుదిరిందో!" అంది బోనం దింపుకున్న ఒకామె.

"మా దుర్గేష్ చెయ్యి మరి! ఫ్యాక్టరీ ఫినిషింగ్," అని జగన్మోహన్ పక్కనే ఉన్న దుర్గేష్ భుజం తట్టాడు.

దుర్గేష్ నవ్వబోయాడు. నవ్వు గొంతు దాటలేదు. ఆ ముక్కు రాయి కాదు, పుట్టీ. చేసింది తనే. అసలు ముక్కు తన పనిముట్ల డబ్బాలో, బనియన్ గుడ్డలో చుట్టి ఉంది. ఆ సంగతి తనకూ మైసమ్మకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

గుండంటే పెద్ద బండరాయి. అది నాచారం నుంచి మల్లాపూర్ పోయే దారిలో, ఫ్యాక్టరీల ప్రహరీల వెనక ఉంది. ఒకప్పుడు అక్కడ గుట్ట ఉండేది. కంకర కోసం కొట్టగా కొట్టగా గుట్ట పోయి గుండు ఒక్కటే మిగిలింది. దాని తూర్పు ముఖాన మనిషెత్తు బొమ్మ చెక్కి ఉంది. నాలుగు చేతులు, కాళ్ల దగ్గర ఒక కుక్క. ఎవరు చెక్కారో, ఎప్పుడు చెక్కారో బస్తీలో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం లేదు కనుక కథలున్నాయి.

నాచారం పాత ఇళ్లవాళ్లు చెప్పేది చెరువు కథ. ఒక వానాకాలం చెరువు కట్టకు గండి పడితే ఒక ఆడమనిషి తన కుక్కతో సహా గండికి అడ్డం నిలబడిందట. నీళ్లు తీశాక అలిసిపోయి వచ్చి ఈ గుండుకు ఆనుకుందట. మళ్లీ కదల్లేదు. నారపల్లి వైపు ప్లాట్లు కొన్నవాళ్లు చెప్పేది కొత్త కథ. ఇక్కడ కొబ్బరికాయ కొట్టి పోతే రిజిస్ట్రేషన్‌కు ఏ అడ్డమూ రాదని.

మూడోది రాళ్లు కొట్టినవాళ్ల కథ. బస్తీ నడిచేది దీని మీదే. గుట్టను తినుకుంటూ వచ్చినవాళ్లు చివరికి ఈ గుండు మీద సుత్తి వేశారట. దెబ్బ పడ్డ చోట ఎర్రగా కారిందట, నెత్తురు. మేస్త్రీ సుత్తి అక్కడే పారేసి పోయాడు. ఏడాది తిరక్కుండానే అతని కళ్లు పోయాయి. అప్పటి నుంచి మైసమ్మకు ఇనుము తగలకూడదు. బొమ్మ ముందున్న గద్దె ఎక్కేటప్పుడు మగవాళ్లు తాళంచెవులు కింద పెడతారు. ఆడవాళ్లు చీర పిన్నీసు కూడా తీసి పక్కింటి గోడ మీద పెట్టి వస్తారు. బోనాలనాడు ఆ గోడ మీద పిన్నీసులు కుప్పపడతాయి. తిరిగి వెళ్లేటప్పుడు ఎవరి పిన్నీసు ఎవరి చీరకు ఎక్కిందో మైసమ్మకే తెలియాలి.

బోనాలకు ముందు అమ్మకు సిందూరం పెట్టడం ఏటా దుర్గేష్ ఇంటి పని. వాళ్లు జనగామ వైపు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్లు. అంతకుముందు ఆ పని చేసే ముసలామెకు చేతకాక సిందూరం గిన్నె తెచ్చి దుర్గేష్ నానమ్మ చేతిలో పెట్టింది. నానమ్మ తర్వాత గిన్నె తల్లి లక్ష్మీనర్సమ్మకు వచ్చింది. నువ్వులనూనెలో సిందూరం కలిపి, పాతదాని మీదనే కొత్తది వేళ్లతో మెత్తుతారు. కడగడం లేదు, గీకడం లేదు.

ఈ ఏడు లక్ష్మీనర్సమ్మ మోకాళ్లు మొండికేశాయి. ఏఎస్ రావు నగర్‌లో డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడు. అప్పుడు జగన్మోహన్ ఒక ఉపాయం చెప్పాడు. అతను గుడి కమిటీ ప్రెసిడెంటు. నాచారంలో హార్డ్‌వేర్ షాపు ఉంది.

"ఎందుకు పెద్దమ్మా నీకు ఏటేటా ఈ తిప్పలు? ఒక్కపారి ఎనామిల్ కొట్టిస్తే పదేండ్లు ఫికర్ లేదు. డబ్బాలు నేనిస్త. కొట్టెటోడు నీ ఇంట్లనే ఉండె."

లక్ష్మీనర్సమ్మ మోకాళ్లు నిమురుకుంది. తర్వాత, "నా కొడుకు చెయ్యే గద. గట్లనే కానియ్యి," అంది.

దుర్గేష్ పని చేసేది మల్లాపూర్‌లో. కరెంటు ప్యానెల్ డబ్బాలు తయారుచేసే షెడ్డులో పెయింటింగ్ అతనిది. పనిలో చేరిన రోజు అతనికి నేర్పిన మొదటి మాట, పెచ్చు మీద రంగు వేయొద్దని. కింద ఉన్నది ఊడితే పైన వేసిందీ ఊడుతుంది. కాబట్టి ముందు గీకాలి, వైర్ బ్రష్‌తో రుద్దాలి, తుడవాలి, గుంటల్లో పుట్టీ నింపాలి, ఆ తర్వాతే రంగు. ఇన్నేళ్లలో అతను ఈ వరస తప్పలేదు. గుండు దగ్గరా తప్పలేదు. తప్పకపోవడమే తప్పయింది.

గద్దె ఎక్కే ముందు తాళంచెవులు తీసి కింద పెట్టాడు. మొల్తాడుకున్న తాయెత్తు కూడా తడుముకుని చూసుకున్నాడు, అది రాగిది. అమ్మ ఒళ్లంతా సిందూరం గట్టిగానే ఉంది. ముఖం మీద మాత్రం పెచ్చులు లేచాయి. చెయ్యి దానంతట అదే డబ్బాలోకి పోయి వైర్ బ్రష్ తీసింది. నాలుగు రుద్దులు రుద్దాడు. ఎర్రటి పొడి నూనెజిడ్డుతో కలిసి మణికట్టు మీదికి కారింది. అప్పుడు గుర్తొచ్చింది, బ్రష్ పళ్లు ఇనుమువని. చెయ్యి వెనక్కి తీసుకునేలోపు ముక్కు ఊడి అరచేతిలో పడింది, ఖర్జూరపండంత.

చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఊడినదాన్ని మళ్లీ అతికించబోతే నిలవలేదు. నిలబడి ఏడిస్తే అయ్యేదేమీ లేదు కనుక తనకు వచ్చిన పని చేశాడు. హార్డ్‌నర్ కలిపిన పుట్టీతో కొత్త ముక్కు పెట్టాడు. ఆరాక ఎమ్రీ కాగితంతో నునుపు చేశాడు. పైన పసుపు రంగు రెండు కోట్లు కొట్టాడు. ముక్కుపుడక కూడా దిద్దాడు.

బోనాలు అయిపోయాయి. థిన్నర్ వాసనకు కళ్లు మండటం దుర్గేష్‌కు కొత్త కాదు. ఇప్పుడు మండితే మాత్రం రాళ్లు కొట్టిన మేస్త్రీ గుర్తొస్తున్నాడు. అన్నం దగ్గర కూర్చుంటే తల్లి, "ఏందిరా, కోడి గింజలేరినట్టు తింటున్నవ్?" అంటోంది. ఏం చెబుతాడు?

ఇంతలో జగన్మోహన్ పెట్టిన ఫొటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి గోపాలరావు ఫోనులోకి వచ్చింది. ఆయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. గుండుకు ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంటులో ఉంటారు. ఊరు తెనాలి దగ్గర. పొద్దున నడకకు వెళుతూ గుండు ముందు ఆగి కుక్క బొమ్మను చూసి పోవడం ఆయనకు అలవాటు. ఫొటో చూసి పురావస్తు శాఖకు ఫోన్ చేశారు. చేసి దాచుకోలేదు. నేరుగా జగన్మోహన్ షాపుకే వచ్చి చెప్పారు.

"నేనే చెప్పానండీ. కోపం తెచ్చుకోకండి. అది వందల ఏళ్లనాటి శిల్పం. రాతి మీద ఆయిల్ పెయింటు వేస్తే ఎలాగండీ? వాళ్లు రేపు వచ్చి చూస్తారు. రాయి చెడకుండా ఉంటే రంగు తీసేసి, రక్షిత కట్టడంగా బోర్డు పెడతారు."

"చెడితే సార్?"

"చెడగొట్టిన వాళ్ల మీద చట్టం ఉందండీ," అన్నారు గోపాలరావు. ఆ మాట అనడానికి ఆయనకే ఇబ్బందిగా ఉన్నట్టుంది, టీ తాగకుండానే వెళ్లిపోయారు.

జగన్మోహన్ దుర్గేష్‌కు ఫోన్ చేశాడు. "తమ్మీ, జర సోంచాయించి మాట్లాడు రేపు. పెయింట్ నేనిచ్చిన, నిజమే. గని కొట్టింది నువ్వు."

"కొట్టుమన్నది నువ్వే గదన్నా."

"నేను దునియా అంతటికి పెయింట్ అమ్ముత. అందరి గోడలకు నేనే జిమ్మెదారా?"

మరునాడు దుర్గేష్ సగం రోజు సెలవు పెట్టాడు. వచ్చేటప్పుడు పనిముట్ల డబ్బా వెంట తెచ్చుకున్నాడు. ఎందుకు తెచ్చాడో ఇంకా తేల్చుకోలేదు.

శాఖ నుంచి వచ్చినామె పేరు గీతిక. పాత రాళ్లను శుభ్రం చేయడం ఆమె ఉద్యోగం. జీపు దిగి గుండు చుట్టూ ఒకసారి తిరిగి, గద్దె మెట్టు మీద కాలు పెట్టబోయింది.

"ఆగు బిడ్డా," అంది లక్ష్మీనర్సమ్మ. మోకాళ్లకు పట్టీలు కట్టుకుని ఆమె మెట్టు పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చుంది. "చున్నీకి పిన్నీసున్నది. తియ్యి."

గీతిక ఆమెను చూసింది, చున్నీని చూసుకుంది. ఎందుకని అడగలేదు, పిన్నీసు తీసి ఇచ్చింది. గోపాలరావు తాళంచెవులు, నెయిల్ కట్టర్ తీసి పెట్టారు. జగన్మోహన్ షాపు తాళాల గుత్తి పెట్టాడు. దుర్గేష్ తాళంచెవులు తప్ప అందరివీ పక్కింటి గోడ మీదికి చేరాయి.

"నీ సంచిల ఏమున్నదమ్మా? ఇనుపముక్క ఉన్నదా?"

"లేదమ్మా. వెదురు పుల్లలు, నైలాన్ బ్రష్షులు, దూది. రాతి మీద మేం ఇనుము వాడం. గీతలు పడతాయి."

లక్ష్మీనర్సమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. "ఇన్నరా? చదువుకున్న పిల్ల గూడ గదే చెప్తున్నది. ఇనుము తగలొద్దని నేనంటే చాదస్తమంటరు."

దుర్గేష్ పనిముట్ల డబ్బాను కాలితో వెనక్కి జరిపాడు.

గీతిక స్టూలెక్కి బొమ్మ ముఖాన్ని దగ్గర్నుంచి చూసింది. వేలితో చెంప మీద తట్టింది. నుదుటి మీద తట్టింది. ముక్కు మీద తట్టి ఆగింది. మళ్లీ తట్టింది. వెదురుపుల్ల తీసి ముక్కు మొదట్లో పెట్టింది.

ఆ ముక్కు ఎలాంటి పుట్టీతో చేసిందో దుర్గేష్‌కు తెలుసు. ప్యానెల్ డబ్బాకు పట్టిందంటే రేకుతో సహా లేస్తుందే తప్ప విడిచి రాదు. పుల్లతో ఎత్తితే వెనకున్న రాతిని కూడా లాక్కొస్తుంది. ముక్కుతో పాటు ముఖమూ పోతుంది. ఇక చెప్పకుండా ఉండటానికి లేదు.

"మేడం, ఆగుండ్రి! అది ఎత్తకుండ్రి!"

అందరూ అతని వైపు తిరిగారు.

"అది రాయి గాదు. పుట్టీ. నేనే పెట్టిన. హార్డ్‌నర్ ఉన్నది దాంట్ల, లాగితే రాయి గూడ వస్తది." ఒక్క ఊపిరిలో అన్నాడు. తర్వాత తల్లి వైపు చూడకుండా మిగతాది అన్నాడు. "రంగు కొట్టెముందు వైర్ బ్రష్ పెట్టిన. అలవాటు మీద పెట్టిన మేడం. అసలు ముక్కు ఊడొచ్చింది."

"వైర్ బ్రష్షా?" అన్నారు గోపాలరావు.

"అరే, నాకు తెల్వనే తెల్వదు ఈ ముచ్చట!" అన్నాడు జగన్మోహన్, రెండు చేతులూ పైకెత్తి.

లక్ష్మీనర్సమ్మ మాత్రం కొడుకు కళ్ల వైపే చూస్తోంది. తిట్టినా బాగుండేది అనుకున్నాడు దుర్గేష్.

గీతిక స్టూలు దిగింది. "ఊడిన ముక్క ఏం చేశారు? పారేశారా?"

"లేదు మేడం. ఉన్నది."

డబ్బా తెరిచి బనియన్ గుడ్డ మూట తీసి ఇచ్చాడు. గీతిక గుడ్డ విప్పి ముక్కను అరచేతిలో వేసుకుని బరువు చూసింది. ఊడిన వైపు భూతద్దం పెట్టి చూసింది. గోరుతో గీరింది. దూదికి ఏదో ద్రావకం అద్ది రుద్దింది. దూది ఎర్రబడింది. ఇంకోసారి రుద్దింది. ఇంకా ఎర్రబడింది.

"ఇటు రండి," అంది.

దుర్గేష్ వెళ్లాడు.

"ఇది చూడండి. ఎరుపు, కింద నలుపు, మళ్లీ ఎరుపు, మళ్లీ నలుపు. ఉల్లిపాయ పొరల్లా ఉందా? రాతికి పొరలు ఇలా ఉండవు. రాయైతే ఇంత తేలిగ్గానూ ఉండదు. ఇది సిందూరం, నూనె. ఏటేటా మెత్తింది గట్టిపడి పెచ్చు కట్టింది."

"అంటే?"

"అంటే మీరు ఊడగొట్టింది ముక్కు కాదు. ముక్కు మీది పెచ్చు. ముక్కు ఇంకా లోపలుండాలి."

దుర్గేష్ గద్దె మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఉండాలి అంటున్నరు. ఉన్నదా?" అన్నాడు.

"చూద్దాం."

గీతిక ఈసారి ముక్కు జోలికి పోలేదు. చెవి వెనక, పెచ్చుకూ రాతికీ మధ్య వెంట్రుకంత సందు దొరికింది. వెదురుపుల్ల అందులో పెట్టి, తొందరపడకుండా, పైకీ కిందికీ ఆడిస్తూ పోయింది. ఎండ గుండు మీదికి వచ్చింది. జగన్మోహన్ అందరికీ టీ తెప్పించాడు. కాసేపటికి లోపలెక్కడో అప్పడం విరిగినట్టు చప్పుడైంది. చెంప, ముక్కు, పై పెదవి కలిసి ఒకే పలకగా విడిచాయి. గీతిక రెండు చేతులతో పలకను పట్టుకుని దించింది. రెండు వేళ్ల మందం ఉంది. బయటివైపు ఎనామిల్, మధ్యలో పుట్టీ ముక్కు, లోపలివైపు మరో ముఖం అచ్చు.

రాతి మీద ముక్కు ఉంది. కొన కొంచెం అరిగింది, అంతే.

"అరుగుదల పాతదేనండీ," అంది గీతిక. "మీ బ్రష్ ఇంత లోపలికి రాలేదు. రంగు కూడా రాలేదు. ఈ పెచ్చే అడ్డుకుంది. పెచ్చు లేకుండా మీరు నేరుగా రాతి మీద ఎనామిల్ కొట్టి ఉంటే నేను ఇవాళ వేరే రిపోర్టు రాయాల్సి వచ్చేది."

దుర్గేష్ రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. కళ్లు మండలేదు.

"బిడ్డా, గా పెచ్చు నాకు సూపియ్యి," అంది లక్ష్మీనర్సమ్మ.

గీతిక పలకను ఆమె ఒడిలో పెట్టి అంచున పొరలు చూపించింది. "పైన ఉన్నవి మీరు పెట్టినవి. వీటి కింద మీ అత్తగారివి ఉండొచ్చు. ఆమె కింద ఇంకా ముందువాళ్లవి."

లక్ష్మీనర్సమ్మ పొరల మీద వేలు పెట్టి నెమ్మదిగా కిందికి జరుపుకుంటూ పోయింది. ఒక చోట ఆపింది. "మా అత్త సిందూరం ఎక్కువ, నూనె తక్కువ కలిపేది. చెప్తే ఇనేది గాదు. ఇగో, గీడ ఎర్రగున్నది. గిది ఆమెదే."

అప్పుడు గోపాలరావు, "అమ్మాయ్, ఆ పెదవి మీద..." అని ఆగిపోయారు.

అందరూ రాతి వైపు చూశారు. ముక్కు కింద, పెదవి మీద, రెండు వైపులా పైకి మెలి తిరిగి మీసాలు ఉన్నాయి.

పక్క ఫ్యాక్టరీలో సైరన్ మోగి ఆగింది.

"భైరవుడు," అంది గీతిక. "కుక్కను చూసినప్పుడే అనుమానం వచ్చింది. కుక్క ఆయన వాహనం."

"నేను ఎప్పట్నుంచో అనుకుంటూనే ఉన్నానమ్మా, ఆ కుక్కేమిటా అని!" అన్నారు గోపాలరావు. ఆయన గొంతులో సంతోషం దాగలేదు.

జగన్మోహన్ తల పట్టుకున్నాడు. "మరి మనం ఇన్నేండ్ల సంది చీర కడుతున్నం గద! బోర్డు మీద మైసమ్మ అని రాయించిన. రసీదు బుక్కులు గూడ అదే పేరు మీద కొట్టించిన. ఇప్పుడు ధోతి కట్టాల్నా?"

"ఎవడ్రా ధోతి అన్నది?" లక్ష్మీనర్సమ్మ కుర్చీలోంచి కదిలింది. "మీసాలుంటే ఏమాయె? మా అత్తకు లేకుండెనా? ఆమెను ఆడామె గాదని ఎవరన్నా అన్నరా? అన్నోడు బతికి బట్టకట్టిండా?"

గీతిక నవ్వు ఆపుకోవడానికి సంచిలో దూది వెతికింది.

"మేం ఏ పేరూ మార్చమమ్మా," అంది తర్వాత. "బోర్డు మీద శిల్పం భైరవుడిదని రాస్తాం. బస్తీవాళ్లు మైసమ్మగా కొలుస్తారని కూడా రాస్తాం. రెండూ నిజమే కదా. పూజలు మీ ఇష్టం. రంగు మాత్రం వద్దు, సిందూరం కూడా ఇక రాతి మీద వద్దు. బొట్టు పెట్టుకోవాలంటే కింద పాదాల ముందు ఒక రాయి పెట్టుకోండి."

"గద్దె కిందనా?" లక్ష్మీనర్సమ్మ ఆలోచించింది. "గట్లయితే మెట్లెక్కే పని గూడ లేదు. నా మోకాళ్ల సంగతి అమ్మకు తెల్సు."

"నెత్తురు కథ కూడా ఇప్పుడు తేలిపోయిందండీ," అన్నారు గోపాలరావు. "అప్పట్లో సుత్తి పడింది సిందూరం పెచ్చు మీద. ఎండకు నూనె కరిగి ఎర్రగా కారి ఉంటుంది."

"మీరు గట్ల రాసుకోండ్రి సారూ. మేం మాత్రం పిన్నీసులు తీసే వస్తం," అంది లక్ష్మీనర్సమ్మ.

ఆయన తల ఊపారు. "నేనూ తాళాలు పెట్టే వస్తానండీ."

జీపు ఎక్కే ముందు గీతిక పెచ్చు పలకను పెట్టెలో సర్దుకుంది. సర్దేటప్పుడు, నూనె పెచ్చు మీద పట్టు దొరకని పుట్టీ ముక్కు ఊడి వచ్చింది. దాన్ని చేతిలో తిప్పి చూసింది. పసుపు రంగు, నునుపు, ముక్కుపుడక.

"ఇది శాఖకు అక్కర్లేదు. మీదే," అని దుర్గేష్‌కు ఇచ్చింది. "బాగా కుదిరింది, నిజంగానే."

"నేను అప్పుడే చెప్పలే? ఫ్యాక్టరీ ఫినిషింగ్!" అన్నాడు జగన్మోహన్. గోడ మీద నుంచి తాళాల గుత్తి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"నీకు తెల్వనే తెల్వదంటివి గదన్నా, గీ ముచ్చట?" అన్నాడు దుర్గేష్.

"గది ముక్కు ఊడిన ముచ్చట తమ్మీ. ముక్కు కుదిరిన ముచ్చట నాకు మొదట్నుంచి తెల్సు."

దుర్గేష్ నవ్వాడు. బోనాలనాడు గొంతులో ఆగిన నవ్వు కూడా దాంతో పాటే వచ్చినట్టుంది, కాసేపటిదాకా ఆగలేదు. ముక్కును బనియన్ గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాడు. వైర్ బ్రష్ తీసి వేరే సంచిలో వేశాడు. అప్పుడు గుర్తొచ్చింది, తన తాళంచెవులు ఇంకా జేబులోనే ఉన్నాయని. తల్లి వైపు చూశాడు. ఆమె కూడా జేబు వైపే చూస్తోంది.

"ఇంటికి నడువు," అంది లక్ష్మీనర్సమ్మ, లేపమని చెయ్యి చాపుతూ. "తిట్లు ఇంటికాడ పెడత. ముందు కడుపునిండ తిను."